సింగరేణి బొగ్గు ఏ కాలంది? కీలో కార్బోనిఫెరస్ అని ఇచ్చారు

సందేహాల_శీను | శనివారం, రాత్రి 8:12
అందరికీ నమస్కారం. గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. మా కోచింగ్‌లో పెట్టిన మాక్ టెస్టులో ఒక బిట్ వచ్చింది: "సింగరేణి బొగ్గు నిక్షేపాలు ఏ కాలంలో ఏర్పడ్డాయి?" ఆప్షన్లు కార్బోనిఫెరస్, పర్మియన్, జురాసిక్, టెర్షియరీ. నేను పర్మియన్ పెట్టాను. కీలో కార్బోనిఫెరస్ ఉంది. సార్‌ని అడిగితే "పేరులోనే కార్బన్ ఉంది కదరా, ఇంకేం డౌటు" అన్నారు. క్లాసంతా నవ్వారు. మార్కు పోయిందని బాధ లేదు గానీ, రేపు అసలు పరీక్షలో ఇదే వస్తే ఏం పెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నిజానికి పర్మియన్ అంటే నాకు పేరు తప్ప ఇంకేమీ తెలియదు. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

గోండ్వానా_గీత | శనివారం, రాత్రి 8:47
నువ్వు పెట్టిందే కరెక్టు తమ్ముడూ. సింగరేణి ఒక్కటే కాదు, ఝరియా, రాణిగంజ్, తాల్చేర్, సింగ్రౌలి, వీటన్నిటిదీ పర్మియన్ బొగ్గే. మన దేశపు బొగ్గు నిల్వల్లో 98 శాతం పైగా ఈ గోండ్వానా బొగ్గే (గోండ్వానా అంటే దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్నప్పుడు మొదలైన రాళ్ల వరస). అస్సాం బొగ్గు, నైవేలి లిగ్నైట్ లాంటివి టెర్షియరీ. అవి చాలా తర్వాతివి.

మీ సార్ చెప్పింది యూరప్, అమెరికాలకు సరిపోతుంది. కార్బోనిఫెరస్ అంటే సుమారు 35.9 కోట్ల నుంచి 29.9 కోట్ల ఏళ్ల క్రితం వరకు. అప్పుడు ఇంగ్లండ్, జర్మనీ, పెన్సిల్వేనియా ప్రాంతాలు భూమధ్యరేఖ దగ్గర ఉన్నాయి. వేడి, వాన, చిత్తడి. లెపిడోడెండ్రాన్ లాంటి మహావృక్షాలు అక్కడి బురదలో పడి బొగ్గయ్యాయి. పుస్తకాలు రాసినవాళ్లు అక్కడివాళ్లు, వాళ్ల గనుల గురించే రాశారు. మనవాళ్లు అదే దించుకున్నారు.

అదే సమయంలో మన నేల ఎక్కడుందో తెలుసా? ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో అతుక్కుని దక్షిణ ధ్రువం వైపు. పైన మంచు పలకలు. మంచు కింద అడవి పెరగదు, అడవి లేనిదే బొగ్గు లేదు.

ఆ మంచు కరిగాక మొదలైందే మన బొగ్గు కథ. పర్మియన్ కాలం 29.89 కోట్ల ఏళ్ల క్రితం మొదలై 25.19 కోట్ల ఏళ్ల క్రితం ముగిసింది. రష్యాలో ఉరల్ పర్వతాల దగ్గర పెర్మ్ ప్రాంతంలోని రాళ్లు చూసి 1841లో రోడరిక్ మర్చిసన్ ఆ పేరు పెట్టాడు.

విశాఖ_వెంకట్ | శనివారం, రాత్రి 9:05
గీత గారూ, ఒడిశాలో, తెలంగాణలో మంచు పలకలా? మే నెలలో రామగుండం వచ్చి చూడండి ఒకసారి :) ఆధారం ఏమైనా ఉందా, లేక ఇది కూడా ఎక్కడో రాసింది దించుకోవడమేనా?

గోండ్వానా_గీత | శనివారం, రాత్రి 9:31
ఉంది. మన బొగ్గు పొరల కిందే ఉంది. ఒడిశాలోని తాల్చేర్‌లో 1856లో బ్లాన్‌ఫర్డ్ సోదరులు ఒక వింత రాతి పొర చూశారు. సన్నటి బంకమట్టి లాంటి రాయిలో గుప్పెడంత గులకరాళ్ల నుంచి మనిషి ఎత్తు బండల దాకా కలిసిపోయి ఉన్నాయి. నది తెచ్చిన రాళ్లయితే సైజుల వారీగా విడిపోతాయి. పెద్దవి ఒక చోట, ఇసుక ఒక చోట, మట్టి ఇంకో చోట. అన్నీ కలగాపులగంగా ఒకే చోట పారేసేది మంచే. మంచు తేల్చుకొచ్చి కరిగినచోట వదిలేస్తుంది. అంత వేడి ప్రాంతంలో హిమానీనదం అనడానికి ఆ రోజుల్లో ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఇదే పొర మన గోదావరి లోయలోనూ బొగ్గు కింద ఉంది. మనకు పక్కనే, మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా ఇరాయి దగ్గర, పాత సున్నపురాయి మీద మంచు ఈడ్చుకుపోయిన రాళ్ల గీతలు సమాంతరంగా కనిపిస్తాయి.

వరస ఇలా ఉంటుంది: అడుగున తాల్చేర్ పొరలు, వాటి మీద బరాకర్ పొరలు. సింగరేణి బొగ్గు ప్రధానంగా ఈ బరాకర్‌లోదే. పైన కామ్తీ ఇసుకరాళ్లు. మంచు పొర మీద కూర్చున్న బొగ్గు, మంచు కంటే పాతది కాలేదు కదా.

కోడూరు_కుర్రోడు | శనివారం, రాత్రి 9:40
ఇంత చర్చ ఎందుకండీ, కార్బన్ డేటింగ్ చేస్తే వయసు తేలిపోదా?

గోండ్వానా_గీత | శనివారం, రాత్రి 9:58
తేలదు. కార్బన్-14 పద్ధతి సుమారు 50 వేల ఏళ్ల దాకానే పనికొస్తుంది. ఆ తర్వాత కొలవడానికి కార్బన్-14 మిగలదు. కోట్ల ఏళ్ల బొగ్గులో దాని కోసం వెతకడం దండగ.

మన బొగ్గు వయసు చెప్పేది పుప్పొడి. బొగ్గు ముక్కను యాసిడ్లలో వేసి కరిగిస్తే పుప్పొడి రేణువుల పెంకులు మిగులుతాయి. మైక్రోస్కోపులో చూస్తే రేణువుకు రెండు పక్కలా రెండు గాలి సంచులు, మధ్యలో అడ్డగీతలు. పర్మియన్ గోండ్వానా అడవులకు ఇవి గుర్తు. ఏ పొరలో ఏ రకం రేణువులు ఎక్కువున్నాయో చూసి, ఆస్ట్రేలియా బొగ్గు పొరలతో పోలుస్తారు. అక్కడ బొగ్గు మధ్యలో అగ్నిపర్వతాల బూడిద పొరలు ఉన్నాయి. ఆ బూడిదలో జిర్కాన్ స్ఫటికాలుంటాయి. వాటిలోని యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిస్తే వయసు నేరుగా అంకెల్లో వస్తుంది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థవాళ్లు గోదావరి లోయ పుప్పొడి మీద దశాబ్దాలుగా పని చేస్తున్నారు.

బాయి_పెద్దన్న | ఆదివారం, ఉదయం 6:20
నేను కొత్తగూడెంలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషిని. మీ పేర్లు, లెక్కలు నాకు అంతగా తెలియవు గానీ ఆకుల సంగతి నాకెరుకే.

బొగ్గులో ఆకు కనిపించదు. అది మొత్తం నల్లగా కలిసిపోయి ఉంటుంది. సీమ్‌కు (బొగ్గు పొరకు) పైన గానీ, మధ్యలో గానీ వచ్చే షేల్ చూడాలి, పలకలుగా చీలే బూడిద రంగు మట్టిరాయి. దాన్ని పొర వెంబడి ఉలితో నెమ్మదిగా తడితే విడిపోతుంది. విడిపోయిన రెండు ముఖాల మీదా ఆకు ఉంటుంది, ఒకదాని మీద అచ్చు, ఇంకోదాని మీద అచ్చుకు అచ్చు. మామిడాకు లాగే పొడుగ్గా, మధ్య ఈనె గట్టిగా. దీపం పక్క నుంచి పడితే చిన్న ఈనెలు వల అల్లినట్టు కలుసుకోవడం కూడా కనిపిస్తుంది. మీద నల్లటి పొర తళతళ మెరుస్తుంది, చేత్తో రుద్దితే పొడిగా రాలుతుంది. ఒక్క ఆకు ఎప్పుడూ ఉండదు. ఉంటే ఒకదాని మీద ఒకటి పదులకొద్దీ.

కొత్తగా చేరిన పిల్లలు "ఇక్కడికి మామిడాకులు ఎట్ల వచ్చినయ్ సార్" అని అడిగేవాళ్లు. పైకి పోయాక చెప్తా, ముందు రూఫ్ (బాయి పైకప్పు) చూసుకోండిరా అనేవాణ్ణి. ఆకులు ఎక్కువున్న షేల్ రూఫ్‌గా మంచిది కాదు, పొరలు పొరలుగా ఊడి పడుతుంది. మాకు ఆకు అంటే అందం కాదు, అదనంగా ఇంకో ప్రాప్ (పైకప్పుకు ఆసరా స్తంభం) పెట్టమని చెప్పే గుర్తు.

గోండ్వానా_గీత | ఆదివారం, ఉదయం 7:15
పెద్దన్న గారూ, మీ పోస్టు చదివి రెండు సార్లు దండం పెట్టుకున్నాను. మీరు చెప్పిన ఆకు గ్లోసోప్టెరిస్. 1828లో అడాల్ఫ్ బ్రాన్యార్ పేరు పెట్టాడు. సింగరేణి బొగ్గులో పెద్ద వాటా ఆ చెట్లదే.

"పదులకొద్దీ ఒకదాని మీద ఒకటి" అన్నారే, అది చాలా ముఖ్యమైన మాట. ధ్రువానికి దగ్గరున్న నేల కాబట్టి చలికాలంలో పగటి వెలుగు బాగా తగ్గిపోయేది. చెట్లు ఒక్కసారిగా ఆకు రాల్చేవి, అవే ఆ కుప్పలు. అంటార్కిటికాలో దొరికిన ఇదే కాలపు రాతి మానుల్లో ఏటేటా పెరిగిన వలయాలు స్పష్టంగా ఉన్నాయి. ఇక వేళ్లు చూస్తే లోపల గదులు గదులుగా బోలుగా ఉంటాయి. నీళ్లు నిలిచిన చిత్తడిలో వేళ్లకు గాలి అందడానికి అవి పనికొచ్చాయని అనుకుంటున్నారు. ఈ వేళ్లకు వెర్టిబ్రేరియా అని విడిగా పేరు పెట్టేశారు. అవి ఏ చెట్టువో తేలడానికి చాలా కాలం పట్టింది.

చాలా పుస్తకాల్లో గ్లోసోప్టెరిస్‌ని ఫెర్న్ అని రాసేస్తారు. కాదు, అది విత్తనాల చెట్టు. 1952లో ఎడ్నా ప్లమ్‌స్టెడ్ దక్షిణాఫ్రికాలో ఆకును అంటిపెట్టుకుని ఉన్న పునరుత్పత్తి భాగాలు చూపించేదాకా దాని సంగతే సరిగా తెలియలేదు. శీను, ఇది కూడా బిట్‌గా రావచ్చు, రాసిపెట్టుకో.

పాతపుస్తకం | ఆదివారం, ఉదయం 8:02
గ్లోసోప్టెరిస్ అనగానే ధ్రువ యాత్రికుడు స్కాట్ గుర్తొస్తాడు నాకు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ, ఆకలితో, చలితో చచ్చేలా ఉండి కూడా స్కాట్ బృందం బియర్డ్‌మోర్ హిమానీనదం దగ్గర ఆగి రాళ్లు ఏరుకుంది. సుమారు 16 కిలోలు. బండి తామే లాగాలి, అయినా పారేయలేదు. శవాలతో పాటు ఆ రాళ్లూ దొరికాయి. వాటిలో గ్లోసోప్టెరిస్ ఉందని 1914లో సీవార్డ్ తేల్చాడు. కొత్తగూడెం షేల్‌లో ఉన్న ఆకే అంటార్కిటికాలోనూ ఉందంటే, ఈ నేలలన్నీ ఒకప్పుడు ఒకటే అనడానికి అంతకన్నా ఏం కావాలి? గింజలు సముద్రం దాటి ఎగిరిపోయాయి అంటారా, అవి అంత చిన్నవేమీ కావు.

కోడూరు_కుర్రోడు | ఆదివారం, ఉదయం 9:10
చెట్ల సంగతి సరే. జంతువులు? పర్మియన్‌లో డైనోసార్లు ఉన్నాయా? హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో పెద్ద అస్థిపంజరం ఉంది కదా, అది అప్పటిదేనా?

గోండ్వానా_గీత | ఆదివారం, ఉదయం 9:26
అది కోటాసారస్. ఎముకలు దొరికిన యామన్‌పల్లి ఊరి పేరు కూడా దాని పూర్తి పేరులో ఉంది. ప్రాణహిత గోదావరి లోయదే, కానీ జురాసిక్‌ది. పర్మియన్ ముగిసిన ఆరు కోట్ల ఏళ్లకు పైగా తర్వాతి సంగతి. పర్మియన్‌లో డైనోసార్లు లేవు. ఒక్కటి కూడా లేదు.

డల్లాస్_వాసు | ఆదివారం, ఉదయం 9:55
మావాడికి డైనోసార్ బొమ్మల సెట్ కొంటే అందులో వీపు మీద తెరచాప ఉన్నది ఒకటి ఉంటుంది చూశారా, డైమెట్రోడాన్. అది డైనోసార్ కాదు, పర్మియన్ జంతువు. మొదటి డైనోసార్లకు మూడు కోట్ల ఏళ్లకు పైగా ముందే పోయింది. బొమ్మలు చేసేవాళ్లు మాత్రం వదలరు.

డైమెట్రోడాన్‌కు టెక్సస్ ఎర్రమట్టి పొరలు పుట్టిల్లు. 1878లో ఎడ్వర్డ్ కోప్ పేరు పెట్టాడు. డల్లాస్ నుంచి కారులో మూడు గంటల లోపు సీమర్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ వైట్‌సైడ్ మ్యూజియం ఉంది, 2014లో తెరిచారు. ఇక్కడున్న తెలుగువాళ్లు పిల్లల్ని ఎంతసేపూ హ్యూస్టన్ తీసుకెళ్తారు గానీ ఇటు ఎవరూ రారు. చుట్టూ ఎర్ర నేల, ముళ్ల చెట్లు, మన అనంతపురం వైపు వెళ్లినట్టే ఉంటుంది.

మ్యూజియంలో పుర్రె దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కంటి వెనక ఎముకలో ఒకే ఒక్క రంధ్రం. డైనోసార్లకు, మొసళ్లకు రెండు. ఆ ఒక్క రంధ్రం ఉన్న వంశం నుంచే చివరికి పాలిచ్చే జంతువులు, మనం వచ్చాం. పళ్లు కూడా అన్నీ ఒకలా ఉండవు, ముందువి కోరలు, వెనకవి చిన్నవి. అంటే చూడ్డానికి తొండలా ఉన్నా అది బల్లికంటే మనకే దగ్గర చుట్టం.

విశాఖ_వెంకట్ | ఆదివారం, ఉదయం 10:20
టెక్సస్ సరే వాసు గారూ, మన దగ్గర పర్మియన్ జంతువుల ఎముక ఒక్కటైనా దొరికిందా? ఎంతసేపూ ఆకులేనా?

గోండ్వానా_గీత | ఆదివారం, ఉదయం 11:02
దొరికాయి! ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. ఎక్కడో కాదు, ఆసిఫాబాద్ జిల్లా గోలేటి దగ్గర. సింగరేణివాళ్లకు గోలేటి తెలియనిది కాదు. అక్కడి ఎర్రటి, ఇనుము ఎక్కువున్న మట్టిరాళ్ల పొరను కుందారం ఫార్మేషన్ అంటారు. పర్మియన్ చివరి భాగానిది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన టి.ఎస్. కుట్టి 1972లో అక్కడి శిలాజాల గురించి ప్రకటించారు.

గణాంకాల సంస్థకు ఎముకలతో పనేంటని అడక్కండి. ప్రశాంత చంద్ర మహలనోబిస్‌కు అన్నిటి మీదా ఆసక్తే. పమేలా రాబిన్సన్‌ను లండన్ నుంచి పిలిపించి ఆ విభాగం పెట్టించాడు. గోదావరి లోయలో దొరికిన పాత ఎముకల్లో చాలా భాగం వాళ్ల చలవే. గోలేటి దగ్గర దొరికిన ఒక జంతువుకు ఆయన పేరే పెట్టారు: ఎండోథియోడాన్ మహలనోబిసి.

ఈ ఎండోథియోడాన్ డైసినోడాంట్ అనే గుంపుది. డైమెట్రోడాన్ లాగే మన వైపు వంశమే, కానీ శాకాహారి. మూతికి తాబేలుకున్నట్టు కొమ్ముపదార్థపు ముక్కు, లోపల దవడ మీద వరసగా పళ్లు. ఆకును ముక్కుతో కత్తిరించి లోపల నమిలేది. దీని చుట్టాలు దక్షిణాఫ్రికా, జాంబియా, టాంజానియా, మొజాంబిక్, బ్రెజిల్‌లో కూడా దొరికాయి. గోలేటిలోనే సిస్టెసెఫాలస్ అని ఇంకో చిన్న జీవి ఎముకలు కూడా దొరికాయి. దాని ముందుకాళ్ల ఎముకలు మట్టి తవ్వడానికి తయారైనట్టు ఉంటాయి. వీటిని వేటాడిన గోర్గోనాప్సియన్ల జాడ కూడా ఉంది, కత్తుల్లాంటి కోరలున్నవి.

నాకు ఒక్కటే బాధ. మన పిల్లలకు టీ-రెక్స్ స్పెల్లింగ్‌తో సహా వస్తుంది. ఎండోథియోడాన్ పేరు ఆసిఫాబాద్‌లోనే ఎవరికీ తెలియదు.

బాయి_పెద్దన్న | ఆదివారం, మధ్యాహ్నం 12:15
గోలేటిలో మా బావమరిది క్వార్టర్ ఉండేది. ఎన్నిసార్లు పోయి ఉంటానో! కింద బొగ్గు తీసిన సంగతే తెలుసు, పక్కనే ఇవి ఉన్నాయని ఎవరూ చెప్పలేదమ్మా.

పాతపుస్తకం | ఆదివారం, మధ్యాహ్నం 1:30
ఇంత బాగా బతికిన ఆ లోకం ఎలా పోయిందో కూడా రాయండి. పర్మియన్ చివర 96 శాతం జీవులు చచ్చిపోయాయి అంటారు. డైనోసార్లు పోయినప్పటికంటే పెద్ద దెబ్బ.

విశాఖ_వెంకట్ | ఆదివారం, మధ్యాహ్నం 1:52
ఆ 96 శాతం అంకెతోనే నాకు పేచీ. ఎక్కడ చూసినా అదే కాపీ. ఎవరు లెక్కపెట్టారు?

గోండ్వానా_గీత | ఆదివారం, మధ్యాహ్నం 2:40
పేచీ న్యాయమైనదే వెంకట్ గారూ. 1979లో డేవిడ్ రౌప్ వేసిన అంచనాలో అది పై అంచు, అదీ సముద్ర జీవులకు మాత్రమే. 2016లో స్టీవెన్ స్టాన్లీ మళ్లీ లెక్క కట్టి, సముద్ర జాతుల్లో 81 శాతం దాకా పోయి ఉంటాయన్నాడు. నేనైతే రెండోదే నమ్ముతాను. మామూలు రోజుల్లో కూడా పోయే జాతులుంటాయి, వాటిని ఈ ఖాతాలో రాయకూడదని ఆయన వాదన. 81 అయినా సరే, తెలిసిన వినాశనాలన్నిటిలోకీ ఇదే పెద్దది. 25 కోట్ల ఏళ్లకు పైగా సముద్రాల్లో బతికిన ట్రైలోబైట్లు అనే పెంకు జీవులు ఇక్కడితో సరి.

కారణం సైబీరియా లావా. మన దక్కన్ ట్రాప్స్ (దక్కన్ పీఠభూమిలోని పాత లావా పొరలు) లాంటిదే, ఇంకా పెద్దది. అయితే లావా ఒక్కటే ఇంత పని చేయలేదు. అది పైకి వచ్చే దారిలో బొగ్గు పొరలు, ఉప్పు పొరలు అడ్డొచ్చాయి. వాటిని కాల్చుకుంటూ వచ్చింది. సైబీరియా అగ్నిపర్వత శిలల్లో కాలిన బొగ్గు ముక్కలు దొరికాయని 2020లో లిండా ఎల్కిన్స్-టాంటన్ బృందం చూపించింది. బొగ్గుపులుసు గాలి పెరిగి, సముద్రం వేడెక్కి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గి, ఒకదాని వెంట ఒకటి. చైనాలోని మైషాన్ పొరల్లో బూడిద వయసు కొలిచి, ప్రధాన వినాశనం 60 వేల ఏళ్లు అటూఇటూగా జరిగిపోయిందని 2014లో లెక్క తేల్చారు. భూమి లెక్కలో అది రెప్పపాటు.

గ్లోసోప్టెరిస్ అడవులు కూడా అప్పుడే పోయాయి. ఆ తర్వాత దాదాపు కోటి ఏళ్ల పాటు ప్రపంచంలో ఎక్కడా బొగ్గు ఏర్పడలేదు. మన గోదావరి లోయలో కూడా ఆ పైనున్న యెర్రపల్లి, మలేరి పొరలు చూడండి, ఎర్రమట్టే. ఎముకలుంటాయి, బొగ్గు ఉండదు.

కోడూరు_కుర్రోడు | ఆదివారం, మధ్యాహ్నం 2:58
అంటే అప్పుడు లావా బొగ్గు కాల్చింది, ఇప్పుడు మనం థర్మల్ ప్లాంట్లలో కాలుస్తున్నాం. ఇక సింగరేణి మూసేయాల్సిందేనా?

బాయి_పెద్దన్న | ఆదివారం, మధ్యాహ్నం 3:10
మూసేయమని చెప్పడం సుళువు బాబూ. ముందు నీ ఇంట్లో ఫ్యాన్ ఆపి చూడు.

విశాఖ_వెంకట్ | ఆదివారం, మధ్యాహ్నం 3:14
అందరి ఇంట్లోనూ సోలార్ పెడితే ఫ్యాన్ ఆపక్కర్లేదు పెద్దన్నా...

మోడరేటర్ | ఆదివారం, మధ్యాహ్నం 3:30
కరెంటు, గనుల మూసివేత గురించి వేరే దారం ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ 25 కోట్ల ఏళ్ల క్రితం నుంచి వెనక్కే మాట్లాడాలి. దీని తర్వాత వచ్చిన 14 పోస్టులు అటు మార్చాను.

పాతపుస్తకం | ఆదివారం, సాయంత్రం 5:05
మైషాన్ అన్నారు కాబట్టి ఒక మాట. పర్మియన్, ట్రయాసిక్ మధ్య హద్దుకు ప్రపంచానికంతటికీ ప్రమాణంగా ఒక చోటు ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు శ్రీనగర్ దగ్గరి గుర్యుల్ లోయ కూడా పోటీలో ఉంది. చివరికి 2001లో మైషాన్‌కు ఖాయం చేశారు. కాశ్మీర్ పోయినవాళ్లు దాల్ సరస్సులో పడవ ఎక్కి ఫొటో దిగి వస్తారు, పక్కనే ఉన్న ఆ కొండను ఎవరూ పట్టించుకోరు.

సందేహాల_శీను | ఆదివారం, రాత్రి 8:30
అక్కా, బాబాయ్, అందరికీ థాంక్స్. మా సార్‌కి ఈ లింక్ పంపాను, "చూస్తాను" అన్నారు. ఇంకో డౌటు. ఆప్షన్లలో పర్మియన్, గోండ్వానా రెండూ ఇస్తే ఏది పెట్టాలి?

గోండ్వానా_గీత | ఆదివారం, రాత్రి 8:52
"ఏ కాలం" అని అడిగితే పర్మియన్. "ఏ శిలా సముదాయం" అని అడిగితే గోండ్వానా, ఇంకా సరిగ్గా చెప్పాలంటే దిగువ గోండ్వానా. గోండ్వానా అనేది రాళ్ల వరస. అది పర్మియన్‌తో ఆగదు, పైన ట్రయాసిక్, జురాసిక్ దాటి క్రెటేషియస్ దాకా వెళ్తుంది. కోటాసారస్ కూడా అందులోనే. తాల్చేర్ అడుగు పొరలు కార్బోనిఫెరస్ చివరను తాకుతాయనే వాదన ఉంది. ఎవరైనా దాన్ని పట్టుకుని నీతో వాదిస్తే, అందులో తవ్వుకునే బొగ్గు లేదని చెప్పు. అంతే.

ఎల్లందు_ఎల్లమ్మ | ఆదివారం, రాత్రి 10:18
ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయలేదు. మా ఎల్లందులోనే 1871లో విలియం కింగ్ బొగ్గు కనిపెట్టాడు, ఆయన పేరు మీదే కింగ్ సీమ్. ఆ మాట ఎవరూ అనలేదేంటని రాస్తున్నా. మా నాన్న దాచిన రాయి ఒకటి ఇంట్లో ఉంది, ఫొటో పెట్టాను చూడండి. ఆకు ఉంది గానీ పెద్దన్న గారు చెప్పినట్టు మధ్య ఈనె లేదు. ఇది గ్లోసోప్టెరిసేనా?

గోండ్వానా_గీత | ఆదివారం, రాత్రి 10:41
ఎల్లమ్మ గారూ, భలే రాయి! వల లాంటి ఈనెలున్నాయి, మధ్య ఈనె లేదు. అలాంటి ఆకును గాంగమోప్టెరిస్ అంటారు. గ్లోసోప్టెరిస్‌కు చుట్టమే. పర్మియన్ మొదట్లో, మంచు కరిగిన కొత్తల్లో ఇది ఎక్కువ, పైపొరలకు వచ్చేకొద్దీ తగ్గిపోతుంది. ఆకు అడుగుభాగం ఫొటోలో చీకట్లో పడింది. అక్కడ ఈనెలు ఒకచోట గుమిగూడి ఉంటే నా మాట మార్చుకోవాల్సి రావచ్చు. రేపు పగటిపూట, పక్క నుంచి ఎండ పడేలా, పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫొటో తీయండి. తడి గుడ్డతో మాత్రం తుడవకండి, ఆ నల్ల పొర లేచిపోతుంది.